పొద్దుటి ఒక్క రింగు

దూది ఇక తీసేయొచ్చు. రక్తం ఆగి చాలాసేపైంది. అయినా ఆమె ఎడమ మోచేతిని మడిచి అలాగే పట్టుకుని కూర్చుంది. తీసేస్తే ఆ చెయ్యి ఖాళీ అవుతుంది, ఖాళీ చేతికి ఏదో ఒక పని చెప్పాలి, చెప్పడానికి ఆమె దగ్గర పనేమీ లేదు. పక్క కుర్చీలో వదిన చేతికి మాత్రం బోలెడు పనుంది. వదిన రాస్తోంది. ఎదురుగా మూగ టీవీలో ఎవరో నోరాడిస్తుంటే, వెనక వరసలో ఒక పెద్దాయన ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంటే, ఇక్కడ, ఈ రక్తపరీక్షల కేంద్రంలో, ఒళ్ళో చేతిసంచి, సంచి మీద అట్ట, అట్ట మీద కాగితాలు పెట్టుకుని, రైలు కదిలిపోతోందన్నంత హడావిడిగా రాసేస్తోంది. ఇదేమైనా రాసే చోటా? మనిషన్నాక ఒక పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా? కుర్చీలన్నిటినీ ఒకే ఇనపబద్దకి బిగించి చచ్చారు, వదిన వాక్యం పూర్తయి చుక్క పెట్టినప్పుడల్లా ఆ కాస్త అదురూ బద్దగుండా వచ్చి ఆమె నడుముకి తగులుతోంది. అసలే అరిగిపోయిన నడుము. చుక్క. మళ్ళీ చుక్క. ఎన్ని వాక్యాలే తల్లీ నీకు, ఎక్కణ్ణించి ఊడిపడుతున్నాయే, కాస్త ఊపిరి తీసుకోవే.

ఇద్దరూ కలిసే వస్తారు ఈ చక్కెర పరీక్షకి. పరగడుపున ఒకసారి రక్తమిచ్చి, ఇంటినించి తెచ్చుకున్న డబ్బాలు విప్పి ఇక్కడే తిని, రెండోసారి పిలిచేదాకా కదలకుండా కూర్చోవాలి. నడవకూడదు, ఇంకేమీ తినకూడదు, కాసిని మంచినీళ్ళు తాగొచ్చు. సరిగ్గా ఇది ఆమె రాసుకునే వేళ. ఊళ్ళో రాసేవాళ్ళందరికీ తెలిసిన వేళ. చీకటుండగానే లేవడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం, వేడినీళ్ళు తాగడం, డాక్టరు చెప్పినట్టు మెడని ఇటూ అటూ తిప్పడం, వీధి చివరి దాకా నడిచి రావడం, గోడవైపుకి తిప్పి పెట్టుకున్న బల్ల ముందు మెత్తటి దిండు సర్దుకుని కూర్చోవడం, తలుపు వేసుకోవడం. ఆ తలుపు మూసి ఉన్నంతసేపూ ఇంట్లో కుక్కరు కూతపెట్టదు. ఆయన, అంటే ఇంజనీరుగా రిటైరైన ఆమె భర్త, పిల్లిలా నడుస్తాడు. ఫోనెత్తి, గొంతు తగ్గించి, "ఆవిడ రాసుకుంటున్నారండీ" అంటాడు. ఆ 'రాసుకుంటున్నారండీ' అనేటప్పుడు ఆయన గొంతులో ఎంత గర్వమో, తడబడకుండా ఎంత నమ్మకంగా అంటాడో. వారపత్రిక నుంచి ఒకమ్మాయి వచ్చి ఆమె దినచర్య మీద పేజీ నిండా రాసింది, బల్ల ఫోటో కూడా వేసింది. 'నేను ప్రేరణ కోసం ఎదురుచూడను. కుర్చీలో కూర్చుంటాను, అదే వస్తుంది' అన్న ఆమె మాటని పెద్ద అక్షరాల్లో అచ్చేసింది. కొత్తగా రాసే పిల్లలు ఆ మాటని తమ గదుల్లో అంటించుకున్నారట. అంటించుకోండి నాయనా. ఆమె కూర్చుంటూనే ఉంది. అదే రావడం లేదు.

కిందటి వానాకాలం నుంచి ఒక్క వాక్యం రాలేదు. ఈ సంగతి ఆయనకి తెలీదు, పత్రికలవాళ్ళకి తెలీదు, ముఖ్యంగా వదినకి తెలీదు, తెలియకూడదు. తలుపేసుకుని కూర్చుని బల్ల తుడుస్తుంది. కలంలో సిరా పోస్తుంది, పోసిన సిరా ఎండిపోతే కడుగుతుంది, మళ్ళీ పోస్తుంది. మోకాళ్ళకి మందు రాసుకుంటుంది. కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన గుడ్డలు చూస్తుంది. ఎవరివి ఏ గుడ్డలో, ఎవరు ఊరెళ్ళారో, ఎవరింటికి చుట్టాలొచ్చారో మొత్తం చెప్పగలదు, అదైనా రాస్తే ఏదో ఒకటి అయ్యేది. అయినా అన్నిటికంటే ముందు, కుర్చీలో కూర్చోగానే, ఒక పని తప్పకుండా చేస్తుంది. ఫోను తీసి వదినకి ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తుంది.

అది వాళ్ళిద్దరి మధ్యా పాత పందెం. ఎవరు ముందు రాయడానికి కూర్చుంటే వాళ్ళు రెండోవాళ్ళకి ఒక్క రింగివ్వాలి. ఎత్తకూడదు, మాట్లాడకూడదు. నేను కూర్చున్నాను, నువ్వింకా దొర్లుతున్నావా అని దానర్థం. కాసేపటికి అవతలినుంచి ఒక్క రింగు తిరిగొస్తుంది, వచ్చాన్లే ఏడవకు అని. రాత ఆగిపోయినా ఆమె రింగు ఆపలేదు. ఎలా ఆపుతుంది? ఆపితే వదినకి తెలిసిపోదూ? పైగా ఆ రోజుల్లో అవతలినుంచి రింగు రావడం మానేసింది కూడా, అన్నయ్య పోయిన కొత్త. ఆమె మాత్రం పట్టుదలగా ఇస్తూనే ఉంది. ఒకరోజు, రాదనుకున్న రోజు, తిరిగి రింగొచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తర్వాత వదిన ఒక మధ్యాహ్నం సంచిలో కాగితాలేసుకుని ఇంటికొచ్చి, వంటింట్లో బాసింపట్టు వేసుక్కూర్చుని, మొదటి అధ్యాయం చదివి వినిపించింది. బాగుంది. అదీ ఏడుపు. బాగోకపోతే ఎంత బాగుండేది. ఆమె 'బాగుంది' అని పైకి అంటూ గిన్నె తోముతోంది, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది, ఆయన వచ్చి దాన్ని చేతిలోంచి తీసుకుని బోర్లించేదాకా.

వదిన వదిన కాకముందు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు. ఇంటికి పుస్తకం అడిగి తీసుకెళ్ళడానికొచ్చి, పుస్తకంతో పాటు అన్నయ్యని కూడా తీసుకెళ్ళిపోయింది. పుస్తకం తిరిగిచ్చిందా అంటే అదీ లేదు. మొన్నటిదాకా ఒసేయ్ అని పిలిచినదాన్ని తెల్లారేసరికి వదినా అనమంది అమ్మ, పిలవక చస్తుందా. నిజానికి రాయడం మొదలెట్టింది ఆమే. అన్నయ్య ఆమె మొదటి పాఠకుడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, చదువు" అనేవాడు. బాగున్నచోట కాలి బొటనవేలు ఆడించేవాడు, బాగోనిచోట వేలు ఆగిపోయేది. ఆమె కాగితం చూస్తూ చదివేది కాదు, ఆ బొటనవేలు చూస్తూ చదివేది. పెళ్ళయ్యాక వదినది గుండ్రటి రాత కదా అని ఆమె నవలలన్నీ వదినే సాపు రాసిపెట్టేది. అలా సాపు రాస్తూ రాస్తూ ఒకచోట, ఆమె రాయని ఒక వాక్యం, ఒక్కటంటే ఒక్కటి, పెట్టింది. కావాలని పెట్టిందో మర్చిపోయి పెట్టిందో. పుస్తకం వచ్చాక సభలో ఒక పెద్ద విమర్శకుడు మైకు ముందుకొచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని, చదివితే ఏ వాక్యం చదవాలి? అదే చదివాడు. ఈ ఒక్క వాక్యం చాలు, ఈమె రచయిత్రి అని చెప్పడానికి అన్నాడు. చప్పట్లు. ముందు వరసలో వదిన కూడా కొట్టింది, అందరికంటే గట్టిగా, మొహంలో ఏ మాయా లేకుండా. ఆ వాక్యం తనదని వదినకి గుర్తుందో లేదో ఇప్పటికీ ఆమెకి తెలీదు. గుర్తుండి చప్పట్లు కొడితే అదొక ఒళ్ళుమంట. గుర్తు లేక కొడితే, అంత మంచి వాక్యం రాసి మర్చిపోయేంత సంపద ఉన్నదానిమీద ఇంకా పెద్ద ఒళ్ళుమంట.

దగ్గే పెద్దాయన్ని లోపలికి పిలిచారు. రక్తం తీసే అమ్మాయి, చేతికి నీలం తొడుగుతో, గుమ్మంలోంచి తొంగిచూసి, "మీకింకా టైముంది అమ్మమ్మా, కూర్చోండి" అంది. అమ్మమ్మా అని ఆమెనే అంది, వదినని అనలేదు, వదినని 'ఆంటీ' అంది ఇందాక. ఇద్దరిదీ ఒకే ఈడు! అసలు వదిన ఒంటి సంగతే ఆమెకి అంతుపట్టదు. నడక లేదు, నియమం లేదు. పొద్దెక్కాక లేస్తుంది, లేచి మంచం మీదే, దిండు ఒళ్ళో పెట్టుకుని, తల దువ్వుకోకుండా, నోట్లో బిస్కెట్టు నానబెట్టుకుంటూ రాస్తుంది. చక్కెర డబ్బా పక్కనే ఉంటుంది. పరీక్షలో మాత్రం అన్నీ సవ్యంగా ఉంటాయి. డాక్టరు కాగితం చూసి, "మీరు చాలా క్రమశిక్షణగా ఉంటారనుకుంటా" అని వదినతో అన్నాడు కిందటిసారి. వదినతో! ఆమె అక్కడే ఉంది, పక్కనే ఉంది, ఉప్పు లేని కూర తిని, చప్పటి కాఫీ తాగి, మెడ తిప్పి తిప్పి, నెలనెలా పెరిగే చక్కెర కాగితం చేతిలో పట్టుకుని. వదిన సిగ్గుపడుతూ, "ఏదోలెండి" అంది. ఏదోలెండట. ఆమెకి ఆ క్షణాన నవ్వొచ్చింది కూడా, కోపమొచ్చి నవ్వొచ్చింది. ఒక్క విషయంలో మాత్రం ఆమె ఇప్పటికీ పట్టు వదల్లేదు. సూదికి కుడిచెయ్యి ఇవ్వదు. ఎడమచేతిలో నరం దొరక్క ఆ పిల్లలు ఎంత అవస్థపడ్డా సరే, రెండుచోట్ల గుచ్చినా సరే, కుడిచెయ్యి వద్దమ్మా, అది రాసుకునే చెయ్యి అంటుంది. ఇక్కడ అందరికీ ఆ మాట అలవాటైపోయింది. వదినకి అలాంటి పట్టింపుల్లేవు. ఏ చెయ్యి ముందుకొస్తే అది చాపేస్తుంది, పొడిపించుకుంటుంది, అదే చేత్తో వచ్చి రాసుకుంటుంది.

చుక్క. నడుములో మళ్ళీ కాస్త అదురు. పరాయివాడి ఇంట్లో పెళ్ళి సందడి వింటున్నట్టు ఆమె ఆ కలం చప్పుడు వింటోంది. అన్నయ్య పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ వదిన చుట్టూ చేరారు. వదిన చెయ్యి పట్టుకున్నారు, వదినకి మంచినీళ్ళిచ్చారు, వదినకి దిండు సర్దారు. పుట్టినప్పటినుంచి వాణ్ణి చూసిన మనిషి ఇక్కడ ఒకత్తి ఉందని ఒక్కరికైనా తోచిందా? "వదినగారికి కాస్త కాఫీ కలిపి తీసుకురామ్మా" అన్నారు ఆమెతో. కలిపింది. చక్కెర ఎంతేసిందో గుర్తులేదు. వంటింట్లో పొయ్యి ముందు నిలబడి, ఇదేం కుళ్ళు, చచ్చినవాడి దగ్గర కూడానా, ఏడుపులో కూడా వాటా కావాలా నీకు అని తనని తానే తిట్టుకుంది. కావాలి. వాటా కావాలి. ఎందుకక్కర్లేదు? తను చదువుతుంటే ఆడిన ఆ బొటనవేలు తనదీ కదా. ఆమె నవల అప్పటికి సగంలో ఉంది. ఆ తర్వాతి అధ్యాయం అన్నయ్యకి వినిపిద్దామనుకుని మొదలుపెట్టింది, ఒక వాక్యం సగం రాసింది, 'ఆయన గుమ్మం దగ్గర ఆగి' అని. ఎవరో ఫోను చేశారు, అన్నయ్య పోయాడని. ఆగినాయన గుమ్మం దగ్గరే ఉన్నాడు ఇప్పటికీ. వానాకాలం పోయింది, చలికాలం వచ్చింది, పాపం లోపలికి రమ్మనేవాళ్ళు లేరు, పొమ్మనేవాళ్ళూ లేరు. అదే ఆమె గదిలో పొద్దున్నే జరిగే సాహిత్య కృషి.

కలం చప్పుడు ఆగింది. వదిన కాగితాల్ని నిలబెట్టి, సంచిమీద టపటప తట్టి, అంచులు కలిపింది. "అయిపోయిందే" అంది. మామూలుగా, కూర దించేశాను అన్నట్టు అంది.

"ఏంటి అయిపోయింది?"

"నవలే. ఇదే చివరి పేజీ. ఇక్కడ అవుతుందని నేనూ అనుకోలేదు. ఈ టీవీ మొహం చూస్తూ ముగించాను." వదిన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నీదెంతవరకొచ్చింది?"

"దగ్గరికొచ్చింది" అంది ఆమె. నోరు దానంతటదే అనేసింది, వానాకాలం నుంచి అడిగినవాళ్ళందరికీ చెప్పి చెప్పి దానికి అలవాటైపోయింది.

"అదే చెప్పాను ఆయనతో." ఆయనంటే ప్రచురణకర్త, ఇద్దరి పుస్తకాలూ వేసే మనిషి. "వదినా ఆడపడుచుల పుస్తకాలు ఒకే రోజు, ఒకే సభలో విడుదల చేద్దామంటున్నాడు. సాయంత్రం నీకు ఫోన్ చేస్తాడు. కాదనకు. మీ అన్నయ్య ఉంటే ఎంత సంబరపడేవాడో."

సాయంత్రమంటే ఇవాళ సాయంత్రమే. ఏం చెప్పాలి? కొంచెం చూసుకోవాలండీ, ఇంకోసారి సాపు రాయాలండీ అని కొన్నాళ్ళు నెట్టొచ్చు. ఆ తర్వాత? సభ తేదీ వేస్తారు, వదిన పుస్తకం ఒక్కటే బల్లమీదుంటుంది, ముందు వరసలో కూర్చుని ఈసారి తను చప్పట్లు కొట్టాలి. అందరికంటే గట్టిగా. మొహంలో ఏ మాయా లేకుండా. అది తనవల్ల అయ్యే పని కాదు. వదినకి చేతనైంది తనకి చేతకాదు, మొదటినుంచీ అంతే.

"ఒక మాట చెప్తాను, నవ్వకూడదు" అంది వదిన. మూగ టీవీ వైపు చూస్తూ, గొంతు తగ్గించి అంది. "మీ అన్నయ్య పోయాక నాకు మంచం దిగడానికి ఒక్క కారణం కనపళ్ళేదే. నిజం. పిల్లలు ఫోన్లు చేసేవాళ్ళు, పక్కింటావిడ అన్నం పెట్టెళ్ళేది. తినేదాన్ని, పడుకునేదాన్ని. అలా పోతే పోయేదాన్నేమో కూడా. పొద్దున్నే నీ రింగు. ఒక్కసారి మోగి ఆగేది. దీనికి తోడబుట్టినవాడు పోయాడు, నాకు కట్టుకున్నవాడు పోయాడు, ఇది లేచి మొహం కడుక్కుని కుర్చీలో కూర్చుంది, నేనిక్కడ దిండు కరుచుకుని పడున్నాను అనిపించేది. ఎంత ఒళ్ళు మండేదో తెలుసా? ఫోను గోడకేసి కొట్టాలనిపించేది. దీనికి మనసే లేదు, రాయి అని తిట్టుకునేదాన్ని నిన్ను. ఒకరోజు ఆ మంటలోనే లేచి కాగితం తీశాను. నీ మీద కసితో రాసిన పుస్తకమే ఇది. రోజూ నీ రింగు వినబడితేనే కలం కదిలేది."

"నామీదా?" అంది ఆమె. "నీకు నామీద కుళ్ళా?"

"ఎప్పుడు లేదు గనక! నీ బల్లా, నీ తలుపూ, నీ మొగుడు పిల్లిలా నడవడం, నీ ఫోటో. నా మొగుడు పక్కన కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకు తినేవాడు, నేను రాస్తుంటే. ఒక్కరోజైనా ఎవరితోనైనా 'ఆవిడ రాసుకుంటున్నారు' అన్నాడా?" వదిన ముక్కు ఎగబీల్చింది. "అంటే ఎంత బాగుండేదో."

వేసవిలో కాళ్ళకి చన్నీళ్ళు తగిలినట్టు, ఒక్కసారి ఎంత హాయిగా అనిపించిందో ఆమెకి. వదినకి కుళ్ళు! ఇన్నేళ్ళూ, ఆ గుండ్రటి రాతలో, ఆ చప్పట్లలో, ఆ బిస్కెట్టు నములుడులో, కుళ్ళు! ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. మొదటినుంచీ, ఏ ఏడు ఎంత కుళ్ళుకుందో వరసగా, తీరిగ్గా. కానీ ఆ హాయి అట్టే నిలవలేదు. రాయి అని తిట్టుకుంది కదా తనని. రాయిలా కూర్చుందనే కదా వదిన అనుకుంది, కూర్చుని రాసిందని. ఆ పొద్దుటిపూట తను ఎదురింటి గుడ్డలు లెక్కపెట్టుకుంటోంది. కలం కడుక్కుంటోంది. గుమ్మం దగ్గర ఆగినాయన్ని చూసి ముక్కు చీదుకుంటోంది. అంటే వదిన కుళ్ళుకున్నది ఒక వట్టి కుర్చీని చూసి. ఆ వట్టి కుర్చీ ఏం చేసింది? వదిన చేత నవల రాయించింది. తన కుర్చీ, తన దిండు, తన అబద్ధం, తన వేలు నొక్కిన రింగు, ఇంతా చేసి పుస్తకం మాత్రం అవతలావిడకి! ఇంట్లో తనకి పైసా పని చేయని కుర్చీ పొరుగింటికెళ్ళి ఊడిగం చేసొచ్చింది. వదిన మీద కుళ్ళు పాతదే, అది ఒంట్లో భాగమైపోయింది, ఇప్పుడు తన కుర్చీ మీదే కొత్త కుళ్ళు పుట్టుకొచ్చింది. ఇంత కుళ్ళు పెట్టుకుని చక్కెర తగ్గమంటే ఎలా తగ్గుతుంది.

"అమ్మమ్మా, రండి" అంది నీలం తొడుగు అమ్మాయి.

లోపల ఎత్తు కుర్చీలో కూర్చుని ఎడమచెయ్యి చాపింది. అమ్మాయి రబ్బరుపట్టీ కట్టి, మోచేతి మడతలో వేలితో తట్టి తట్టి చూసింది. పొద్దున గుచ్చిన చోట చిన్న మచ్చ. పక్కన నరం కనపడీ కనపడకుండా దాక్కుంది. "పిడికిలి బిగించండి. ఇంకాస్త. ఇప్పటిదాకా బిగించే ఉంచారా ఏంటి, అరచేతిలో గోళ్ళు దిగాయి." మళ్ళీ తట్టింది. పెదవి విరిచింది. "దొరకట్లేదు అమ్మమ్మా. రెండో చెయ్యి..." అని, తనే నాలిక్కరుచుకుని, "వద్దులెండి, అది మీరు రాసుకునే చెయ్యి కదా, ఇక్కడే చూస్తాను" అంది.

ఆ పిల్ల మంచిపిల్ల. గుర్తుపెట్టుకుంది. ఆయన లాగే, ఫోనెత్తి గొంతు తగ్గించినట్టే. అందరూ కలిసి ఆమె చేతిని గాజుబొమ్మలా ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారో. ఆమెకి ఉన్నట్టుండి ఆ జాగ్రత్త భరించరానిదయింది. "ఫర్లేదమ్మా" అంది. కుడిచెయ్యి చాపింది. "ఇది ఖాళీగానే ఉంది. తీసుకో."

ఎంత తేలిగ్గా దొరికిందో ఆ చేతిలో నరం. ఇన్నేళ్ళూ ఒక్క సూదీ ఎరగని చర్మం, చీమ కుట్టినంత కూడా నొప్పి తెలీలేదు. ఎర్రగా గొట్టంలోకి చకచకా ఎక్కుతుంటే ఆమె చూస్తూ కూర్చుంది. నోటితో ఆ మాట ఇంకోసారి అనాలనిపించింది. ఖాళీగానే ఉంది. పైకి అనలేదు, లోపల అనుకుంది, అనుకుంటే ఏడుపొచ్చింది, కానీ వానాకాలం నుంచి వస్తున్న ఏడుపులాంటిది కాదు.

బయటికొచ్చేసరికి వదిన కూడా పక్కగదిలో రక్తమిచ్చొచ్చి, తన దూది పారేసి, సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. ఆమె మడిచిన చెయ్యి చూసింది. ఆ చెయ్యేదో తెలుసుకోడానికి వదినకి ఒక్క క్షణం పట్టింది. "కుడిచెయ్యి ఇచ్చావేంటే?"

"నరం దొరకలేదు."

"నరం దొరక్కపోతే ఇస్తావా? ఆనాడు జ్వరంతో మంచాన పడ్డప్పుడు కూడా ఇవ్వలేదు, నర్సుతో పోట్లాడావు. ఏమైంది నీకు?"

ఆమె కుర్చీలో కూర్చుంది. బద్ద కాస్త అదిరింది. "వదినా, ఆ ప్రచురణకర్తకి ఫోన్ చేసి చెప్పు, నాది అవలేదని."

"దగ్గరికొచ్చిందన్నావుగా."

"రాలేదు. కిందటి వానాకాలం నుంచి ఒక్క ముక్క రాయలేదు. అన్నయ్య పోయిన రోజు సగం వాక్యం రాశాను. అక్కడే ఉంది."

వదిన మెల్లగా పక్కన కూర్చుంది. "మరి రింగు?"

"కూర్చునేదాన్ని. రింగిచ్చేదాన్ని. అంతే. బల్ల తుడుచుకునేదాన్ని."

ఆమె వదిన మొహం చూడలేక టీవీ చూసింది. తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననుకుంది. మొదట పక్క కుర్చీ కదిలింది. తర్వాత వరసంతా ఊగింది. చూస్తే వదిన నవ్వుతోంది. చప్పుడు లేకుండా మొదలై, ముక్కులోంచి బయటపడి, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా. వరసలో కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. "ఎంత దొంగమొహందానివే!" అంది వదిన, ఆయాసపడుతూ. "వట్టి కుర్చీని చూసి ఏడ్చి, నేను ఇంత పుస్తకం రాశానా? చలిలో, నడుం నొప్పితో, దీన్ని మించిపోవాలని లేచి..." ఇంక మాట రాలేదు. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో తెలీలేదు, సంచిలోంచి రుమాలు వెతుక్కుంటూ, వెతుక్కుంటూ, ఆ చేత్తోనే ఆమె భుజమ్మీద ఒక్కటేసింది. గట్టిగానే వేసింది. "నాకు చెప్పొద్దూ? నాక్కూడా చెప్పకూడదూ?"

"నీకే చెప్పకూడదు" అంది ఆమె. "ఇంకెవరికైనా చెప్తాను. నీకు ఎలా చెప్తాను? నువ్వు రాస్తుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుంటుంది. ఇప్పుడు కూడా ఉంది."

వదిన రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "నాకింక రేపట్నుంచి పనేం లేదు" అంది. "పుస్తకం అయిపోయింది. రేపు పొద్దున్న లేవడానికి మళ్ళీ ఏదో ఒకటి కావాలి. నీ రింగు ఇంక పనిచేయదు, దాని గుట్టు తెలిసిపోయింది."

"నేనివ్వను" అంది ఆమె. "రేపట్నుంచి నువ్వే ఇవ్వు. ముందు నువ్వే ఇవ్వాలి. నేనింకా లేవకముందే ఇవ్వు. నాకు ఒళ్ళు మండాలి."

సాయంత్రం ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడు భర్త ఎప్పటిలాగే చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించబోయాడు. ఆమే వచ్చి ఫోను తీసుకుంది. ఆవిడదే ముందు వేయండి, నాది ఇంకా రాయాలి అంది. ఆయన వింతగా చూసి, వెళ్ళి కుక్కరు పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్న నోట్లో బ్రష్షు ఉండగానే ఫోను మోగింది. ఒక్కసారి. ఆగింది. అప్పుడేనా! కిటికీ అవతల ఇంకా సరిగ్గా తెల్లారనేలేదు, ఎదురింటి డాబా మీద తీగ కూడా కనపడటం లేదు. వదిన నిజంగా లేచి కూర్చుందో, దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటపెట్టి నొక్కి మళ్ళీ అటు తిరిగి పడుకుందో ఎవరికి తెలుసు? ఆ రింగులో ఎంత మోసం పట్టగలదో ఆమె కంటే బాగా ఎరిగినవాళ్ళు లేరు. ఎరిగి ఉండీ ఏం లాభం లేకపోయింది. ఒళ్ళు భగ్గుమంది. నిన్ననే ఒకటి ముగించింది కదా, ఒక్కపూటైనా ఆగలేదూ, అప్పుడే ఇంకోటా? ఏం మనిషి, మనిషేనా అసలు? నోరు పుక్కిలించి, వేడినీళ్ళు తాగకుండా, మెడ తిప్పకుండా, వీధి మొహం చూడకుండా వచ్చి కూర్చుంది. దిండు నేలమీద పడి ఉంటే పడుండనిచ్చింది. కుడి మోచేతి మడతలో సూది గుచ్చినచోట కమిలి నల్లబడింది, చెయ్యి మడిస్తే సలుపుతోంది. సలిపితే సలపనీ. గుమ్మం దగ్గర ఆగినాయన ఇంకా అక్కడే ఉన్నాడు, వానలో, చలిలో నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నట్టున్నాయి. ఆమె ఆ సగం వాక్యాన్ని ఒకసారి చూసి, ఆయన చేత చెప్పులు విడిపించింది. లోపలికి నడిపించింది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలి బొటనవేలు ఆడేదాకా ఊరుకోలేదు. అక్కడ చుక్క పెట్టి, ఆగకుండా పక్క వాక్యం ఎత్తుకుంది.

వంటింట్లోంచి పిల్లిలా నడిచొచ్చిన ఆయన, గుమ్మంలో ఆగి, "ఇవాళ తలుపు వేసుకోవడం మర్చిపోయావు, వెయ్యనా?" అన్నాడు.

"ఉండండి, వదిన ఈపాటికి పేజీ దాటేసి ఉంటుంది" అంది ఆమె, తల ఎత్తకుండా.